విశాఖలో ఉంటూ రోజువారీ స్పానిష్ మాటలు నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పానిష్ గురించి మన ఊళ్లో అడిగేవాళ్లు రకరకాలుగా ఉంటారు. ఓడ ఎక్కబోయే కుర్రాళ్లు, రుషికొండ ఐటీ కంపెనీల్లో మెక్సికో క్లయింట్‌తో పనిచేసేవాళ్లు, రొయ్యల ఎగుమతి ఆఫీసుల్లో ఉండేవాళ్లు, స్పెయిన్‌లో చదువుకి వెళ్లేవాళ్లు, ఊరికే ఇష్టంతో మొదలుపెట్టినవాళ్లు. ప్రశ్నలు మాత్రం దాదాపు అవే వస్తాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

స్పానిష్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇచ్చాను. మాటలో దీర్ఘం కనిపించిన చోట ఒత్తి పలకండి, మిగతావి తేలిగ్గా వదిలేయండి.

నాకు ఇంగ్లీషే అంతంతమాత్రం. స్పానిష్ వస్తుందా?

వస్తుంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే స్పానిష్ వస్తుందన్న మాట నమ్మొద్దు. తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌లోకి వెళ్లే దారి చాలా చోట్ల దగ్గరగా ఉంటుంది, మధ్యలో ఇంగ్లీషును పెట్టుకుంటేనే చుట్టుతిరుగుడు. ఉదాహరణకి స్పానిష్‌లో క్రియ చూస్తే చాలు, ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. ‘ఆబ్లొ’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లస్’ అంటే మాట్లాడతావు, ‘అబ్లామొస్’ అంటే మాట్లాడతాం. నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు. మనం ఇంట్లో ‘వస్తాను’ అంటామే గానీ ‘నేను వస్తాను’ అని ప్రతిసారీ అనం కదా. ఇంగ్లీషు వాళ్లు కష్టపడి అలవాటు చేసుకునే సంగతి మనకి పుట్టుకతోనే ఉంది.

పలకడం కష్టమా?

ఎక్కువ భాగం సులువు. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసినట్టే పలుకుతారు. త, ద మన త, ద లాగే నాలుక పళ్లకి తగిలేలా పలకాలి. ఇంగ్లీషు మీడియం అలవాటుతో మనవాళ్లు ‘టొమాటే’ అనేస్తారు, అక్కడే ఆగి ‘తొమాతె’ అనండి. సగం ఉచ్చారణ దానితోనే సరిపోతుంది.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. హెచ్ అక్షరం రాస్తారు గానీ పలకరు, అందుకే హోటల్ ‘ఒతేల్’ అవుతుంది, హాస్పిటల్ ‘ఒస్పితాల్’ అవుతుంది. జె అక్షరాన్ని గొంతు లోపలి నుంచి గరగరలాడే ‘హ’ లాగా పలకాలి. వి, బి రెండూ ఒకే శబ్దం, నేను రెండింటికీ ‘బ’ వాడుతున్నాను. ఎల్ అక్షరం రెండుసార్లు పక్కపక్కన వస్తే చాలా దేశాల్లో ‘య’ అంటారు. ఎన్ నెత్తి మీద అల లాంటి గీత ఉంటే ‘న్య’.

‘ర’ దగ్గర మాత్రం మొహమాటపడకుండా సాధన చెయ్యండి. ‘పేరొ’ అంటే కానీ, ‘పేర్రొ’ అంటే కుక్క. ‘కారొ’ అంటే ఖరీదైనది, ‘కార్రొ’ అంటే కారు. నాలుక కొసని అంగిటికి తగిలించి వరసగా అదిరించాలి. బీచ్ రోడ్డులో నడుస్తూ పైకి అంటూ ఉండండి, అలల చప్పుడులో ఎవరూ పట్టించుకోరు.

స్పానిష్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుంటే తప్పా?

మొదటి కొన్ని వారాలు తప్పేమీ కాదు, పైగా మంచిది. మాటలో ఏ అచ్చుని ఒత్తాలో దీర్ఘంతో చూపించుకోవచ్చు, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తప్పుగా చదివే ప్రమాదమూ ఉండదు. కానీ పక్కనే అసలు స్పెల్లింగు కూడా రాసుకోండి, ఎందుకంటే ఓడరేవు బోర్డు మీదా, మందుల షాపు మీదా, క్లయింట్ మెయిల్‌లోనూ తెలుగు లిపి ఉండదు.

ముందు ఏ మాటలు నేర్చుకోవాలి?

మీ రోజులో వాడే మాటలు. పుస్తకంలో మొదటి పాఠం జంతువుల పేర్లైతే అది పక్కన పెట్టండి, మీకు ఏనుగుతో ఏం పని? పొద్దున లేచిన దగ్గర్నుంచి చేతికి తగిలేవి చూడండి. తలుపు ప్వేర్త, కిటికీ బెంతాన, నీళ్లు ఆగ్వ, పాలు లేచె, ఉప్పు సాల్, పంచదార అసూకర్, అన్నమైనా బియ్యమైనా అర్రోస్, తాళంచెవి యాబె. గుమ్మం దాటితే వీధి కాయె, సముద్రం మార్, బీచ్ ప్లాయ, ఓడ బార్కొ, ఓడరేవు ప్వేర్తొ. విశాఖలో ఉన్నవాళ్లకి చివరి నాలుగూ రోజూ కళ్ల ముందే ఉంటాయి.

వాటితో పాటు మర్యాద మాటలు: ఓల (హలో), గ్రాసియస్ (థాంక్స్), పొర్ ఫబోర్ (దయచేసి), పెర్దోన్ (క్షమించండి). ఇవి లేకుండా ఎన్ని నామవాచకాలు వచ్చినా మనిషి మొరటుగా వినిపిస్తాడు.

‘ఎల్’, ‘ల’ ఏంటి? అవి కూడా బట్టీ పట్టాలా?

పట్టాలి, ఇక్కడ తప్పించుకునే దారి లేదు. స్పానిష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, బల్లకీ కుర్చీకీ కూడా. పుంలింగమైతే మాట ముందు ‘ఎల్’, స్త్రీలింగమైతే ‘ల’ వస్తుంది. అందుకని బల్లని ‘మేస’ అని కాకుండా ‘ల మేస’ అని ఒకే మాటగా నేర్చుకోండి. చివర ‘ఒ’ ఉంటే చాలావరకు ‘ఎల్’, ‘అ’ ఉంటే చాలావరకు ‘ల’. దారి తప్పేవి కొన్ని రోజువారీ మాటల్లోనే ఉన్నాయి: చెయ్యి ‘ల మానొ’, రోజు ‘ఎల్ దీఅ’, సమస్య ‘ఎల్ ప్రొబ్లేమ’, మ్యాప్ ‘ఎల్ మాప’. హిందీ వచ్చినవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు, కానీ హిందీలో ఏది స్త్రీలింగమో దాన్ని ఇక్కడికి మోసుకురాకండి.

తెలుగులో ముందే ఉన్న స్పానిష్ మాటలు ఉన్నాయా?

స్పానిష్ నుంచి నేరుగా వచ్చినవి తక్కువ. కానీ దాని తోబుట్టువు లాంటి పోర్చుగీసు నుంచి మన తీరానికి చాలా మాటలు వచ్చాయి, వాటి స్పానిష్ రూపాలు వినగానే గుర్తుపడతారు. సబ్బు హబోన్, తువ్వాలు తొఆయ, అల్మారా అర్మారియొ, మేస్త్రీ మఏస్త్రొ (అక్కడ ఎక్కువగా టీచరు అనే అర్థం), పాదిరి పాద్రె (అక్కడ నాన్న అని కూడా అర్థం). బాల్చీకి లాటిన్ అమెరికాలో కొన్నిచోట్ల బాల్దె అంటారు. సపోటా అనే మాట అయితే మెక్సికోలోని నవాటల్ భాషలో పుట్టి స్పానిష్ మీదుగా వచ్చింది, అక్కడ సపోతె. బొప్పాయి పపాయ.

సంబంధం లేకుండా కలిసినవీ ఉన్నాయి. మట్టి తవ్వే పారని స్పానిష్‌లో ‘పాల’ అంటారు. ఒక్కసారి వింటే మర్చిపోరు.

‘సేర్’, ‘ఎస్తార్’ రెండూ ఉండటమే కదా, ఏది ఎప్పుడు వాడాలి?

ఎక్కువమంది టెన్షన్ పడేది ఇక్కడే, దీనికి తెలుగు చేసే సాయం ఎవరూ చెప్పరు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటే రెండింటికీ ఒకటే మాట కనిపిస్తుంది కాబట్టి గందరగోళం. తెలుగులో ముందు వాక్యం అనుకోండి.

‘నేను టీచర్ని’, ‘మాది విశాఖ’. ఈ వాక్యాల్లో క్రియే లేదు. ఇలాంటి చోట సేర్: ‘సోయ్ మఏస్త్రొ’ (ఆడవాళ్లైతే మఏస్త్ర), ‘సోయ్ దె విశాఖపట్నం’. ‘ఇంట్లో ఉన్నాను’, ‘బాగున్నాను’, ‘అలసిపోయి ఉన్నాను’. ఇక్కడ ‘ఉన్నాను’ వచ్చింది, కాబట్టి ఎస్తార్: ‘ఎస్తోయ్ ఎన్ కాస’, ‘ఎస్తోయ్ బియేన్’, ‘ఎస్తోయ్ కన్సాదొ’ (ఆడవాళ్లైతే కన్సాద).

ఇంకొంచెం లోపలికి వెళ్తే, ‘ఆమె అందంగా ఉంటుంది’ అన్నప్పుడు అది ఆమె తీరు, అక్కడ సేర్: ‘ఎస్ గ్వాప’. ‘ఈ చీరలో ఎంత అందంగా ఉందో’ అన్నప్పుడు ఇప్పటి సంగతి, అక్కడ ఎస్తార్: ‘ఎస్తా గ్వాప’. ఉంటుంది, ఉంది అనే తేడా మనకి నోట్లోనే ఉంది.

‘ఇక్కడ దగ్గర్లో మందుల షాపు ఉందా?’ అని అడిగేటప్పుడు మాత్రం రెండూ కాదు, ‘ఆయ్’ అనే మూడో మాట: ‘ఆయ్ ఊన ఫర్మాసియ?’ ఏదైనా కార్యక్రమం ఎక్కడ జరుగుతుందో చెప్పేటప్పుడు సేర్ వస్తుంది. ఈ తెలుగు కొలత ప్రతిచోటా కుదరదు, కానీ మొదటి ఆరు నెలలు రోజువారీ మాటలకి ధైర్యంగా వాడుకోవచ్చు.

‘మె గూస్త’ వాక్యం తలకిందులుగా ఉంటుందని అంటారు, నిజమా?

ఇంగ్లీషు వైపు నుంచి చూస్తే తలకిందులు. మనకి అది సూటిగానే ఉంటుంది. ‘నాకు కాఫీ ఇష్టం’ అంటాం, ‘నేను కాఫీని ఇష్టం చేస్తాను’ అనం. స్పానిష్ కూడా అంతే: ‘మె గూస్త ఎల్ కఫే’. ‘మె’ అంటే నాకు. ఇష్టపడేవి ఎక్కువైతే క్రియ మారుతుంది: ‘మె గూస్తన్ లొస్ కమరోనెస్’, నాకు రొయ్యలు ఇష్టం. తలనొప్పిగా ఉంటే ‘మె ద్వేలె ల కబేస’, నాకు తల నొప్పి పెడుతోంది. భయం వేస్తే ‘మె దా మియేదొ’, సిగ్గేస్తే ‘మె దా బెర్గ్వేన్స’.

ఆకలి, దాహం, నిద్ర, వయసులకి ‘తేంగొ’: తేంగొ ఆంబ్రె, తేంగొ సేద్, తేంగొ స్వేన్యొ, తేంగొ బేయ్‌న్తె ఆన్యొస్. చివరిది ‘నాకు ఇరవై ఏళ్లు’. అర్థంలో మన ‘నాకు ఉంది’కి దగ్గర, కాకపోతే వాక్యం మాత్రం ‘నేను’తో నడుస్తుంది.

ఇలాంటి వాక్యాలు ఓ డజను నోటికి వస్తే వాటిలో మాటలు మార్చుకుంటూ పోవచ్చు. విడి మాటల జాబితాలకంటే ఇది ఎంతో మేలు.

మార్కెట్లో వాడే మాటలు చెప్తారా?

మార్కెట్ అంటే మెర్కాదొ. పూర్ణా మార్కెట్‌కో మీ దగ్గర్లోని రైతుబజారుకో వెళ్లినప్పుడు బుట్టలో పడే ప్రతి దాని పేరూ మనసులో అనుకోండి. ఉల్లి సెబోయ, వెల్లుల్లి ఆహొ, వంకాయ బెరెంహేన, నిమ్మకాయ లిమోన్, కొబ్బరికాయ కోకొ, చింతపండు తమరీందొ, జామకాయ గ్వయాబ. టమాటా, మిరప, బంగాళాదుంప, జామ, సీతాఫలం, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచే మన దగ్గరికి వచ్చాయి కాబట్టి అక్కడి స్పానిష్‌లో వీటి పేర్లు ఇంటి మాటలు. మిరపని మెక్సికోలో చీలె అంటారు.

‘చేపలెలా ఇస్తున్నావమ్మా?’ అని ఫిషింగ్ హార్బర్‌లో అడుగుతాం చూడండి, ధరని ‘ఎలా’ అని అడగడం అక్కడా ఉంది: ‘అ కోమొ ఎస్తా ఎల్ పెస్కాదొ?’ ‘కోమొ’ అంటే ఎలా. మామూలుగా ఎంత అని అడగాలంటే ‘క్వాంతొ క్వేస్త?’ ఎక్కువ అనిపిస్తే ‘ఎస్తా కారొ’. నీళ్లలో ఈదే చేప పేస్, పట్టి అమ్మకానికి పెడితే పెస్కాదొ. పీత కంగ్రేహొ. రొయ్యని లాటిన్ అమెరికాలో కమరోన్ అంటారు, స్పెయిన్‌లో ఎక్కువగా గాంబ.

రొయ్యల వ్యాపారంలో ఉన్నవాళ్లు ‘కమరోన్’ ముందు నేర్చుకోండి. మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి ఉత్తర పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. ఎగుమతుల్లో మనతో పోటీపడే ఈక్వెడార్‌లో మాట్లాడేది స్పానిషే.

వారాల పేర్లు గుర్తుండట్లేదు.

తెలుగు వారాల పక్కన పెట్టండి, గ్రహాలే రెండు చోట్లా. సోముడు చంద్రుడు, స్పానిష్‌లో చంద్రుడు లూన, అందుకే సోమవారం లూనెస్. మంగళవారం కుజుడిది, మార్తెస్. బుధవారం మియేర్కొలెస్, గురువారం హ్వేబెస్, శుక్రవారం బియేర్నెస్. ఐదూ మన వరసే. శనివారం సాబదొ, ఆదివారం దొమీంగొ మాత్రం యూదు, క్రైస్తవ సంప్రదాయం నుంచి వచ్చాయి.

లక్షలు, కోట్లు ఎలా చెప్పాలి?

లక్ష అంటే సియేన్ మీల్, అంటే వంద వేలు. పది లక్షలు ఊన్ మియోన్. కోటి దియేస్ మియోనెస్. వంద కోట్లు మీల్ మియోనెస్. ఇక్కడ ఆఫీసు పనిలో ఉన్నవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది: స్పానిష్‌లో ‘బియోన్’ అంటే ఇంగ్లీషు బిలియన్ కాదు, లక్ష కోట్లు. ఇన్‌వాయిస్‌లోనో రిపోర్టులోనో ఇది తప్పితే వెయ్యి రెట్ల తేడా. ఇంకో సంగతి, స్పెయిన్, అర్జెంటీనాల్లో దశాంశానికి కామా పెడతారు, మెక్సికోలో మనలాగే చుక్క పెడతారు.

చిన్న అంకెలు పదిహేను దాకా విడిగా నేర్చుకోవాలి: ఊనొ, దోస్, త్రేస్, క్వాత్రొ, సీంకొ, సేయ్స్, సియేతె, ఓచొ, న్వేబె, దియేస్, ఓన్సె, దోసె, త్రేసె, కతోర్సె, కీన్సె. తర్వాతవి కలిపి కట్టుకోవచ్చు.

స్పెయిన్ స్పానిష్ నేర్చుకోవాలా, మెక్సికోదా?

మీరు ఎవరితో మాట్లాడతారో వాళ్లది. స్పానిష్ 20 దేశాల్లో అధికార వ్యవహారంలో ఉంది, వ్యాకరణం పెద్దగా మారదు గానీ ఇంటి మాటలు మారతాయి. కంప్యూటర్ స్పెయిన్‌లో ఒర్దెనదోర్, లాటిన్ అమెరికాలో కొంపుతదోర. మొబైల్ స్పెయిన్‌లో మోబిల్, లాటిన్ అమెరికాలో సెలులార్. పళ్లరసం సూమొ, హూగొ. బంగాళాదుంప పతాత, పాప. కారు స్పెయిన్‌లో కోచె, మెక్సికో, కొలంబియాల్లో కార్రొ, అర్జెంటీనాలో ఔతొ. సిటీ బస్సు క్యూబాలో గ్వాగ్వ, మెక్సికోలో కమియోన్, అర్జెంటీనాలో కొలెక్తీబొ. తోర్తియ అని ఆర్డర్ ఇస్తే మెక్సికోలో మొక్కజొన్న రొట్టె వస్తుంది, స్పెయిన్‌లో బంగాళాదుంప ఆమ్లెట్ వస్తుంది.

ఒక హెచ్చరిక: బస్సు పట్టుకోవడం, వస్తువు తీసుకోవడం అనడానికి స్పెయిన్‌లో ‘కొహేర్’ మామూలు మాట, మెక్సికోలోనూ అర్జెంటీనాలోనూ అది బూతు. ‘తొమార్’ అనండి, ఎక్కడైనా నడుస్తుంది.

నువ్వు, మీరు అనే తేడా ఉందా?

ఉంది. నువ్వు తూ, మీరు ఉస్తేద్. పెద్దవాళ్లు, ఆఫీసర్లు, కొత్తవాళ్లు అయితే ఉస్తేద్‌తో మొదలుపెట్టండి, వాళ్లే తూ అనమంటారు. స్పెయిన్‌లో తొందరగా తూ లోకి దిగిపోతారు. కొలంబియాలో చాలాచోట్ల స్నేహితులు కూడా ఉస్తేద్ అనుకుంటారు. అర్జెంటీనాలో తూ బదులు బోస్.

వరసలు మాత్రం మనకి చప్పగా అనిపిస్తాయి. మామయ్య, బాబాయి, పెదనాన్న అందరూ తీఒ. మేము, మనం రెండూ నొసోత్రొస్.

ఇంగ్లీషులా కనిపించే మాటల్ని నమ్మొచ్చా?

సగం సగం. ‘ఎంబరసాద’ అంటే సిగ్గుపడింది అనుకుంటారు, దాని అర్థం గర్భవతి. ‘కొన్స్తిపాదొ’ స్పెయిన్‌లో జలుబు చేసినవాడు, డాక్టర్ దగ్గర ఇది తెలిసి ఉండాలి. ‘లిబ్రెరీఅ’ పుస్తకాల షాపు, లైబ్రరీకి బిబ్లియొతేక. ‘ఏక్సితొ’ విజయం, బయటికి వెళ్లే దారి ‘సలీద’. ‘సోప’ సూప్. ‘రోప’ బట్టలు. ‘కర్పేత’ ఫైలు.

ఓడ మీద పనికి ఏ మాటలు కావాలి?

ఓడలో పని భాష చాలావరకు ఇంగ్లీషే ఉంటుంది. స్పానిష్ అవసరమయ్యేది రేవులో: కయావొ, గ్వయకీల్, బెరక్రూస్, అల్హెసీరస్ లాంటి చోట్ల ఒడ్డున ఉండే కార్మికులతో, గేటు దగ్గర, ఊళ్లోకి వెళ్లినప్పుడు. ఓడని తాళ్లతో కట్టేసే చోటు మ్వేయె, తాడు కాబొ, లంగరు ఆంక్ల, క్రేన్ గ్రూఅ, సరుకు కార్గ, టగ్ రెమొల్కదోర్, ఓడని రేవులోకి తెచ్చే పైలట్ ప్రాక్తికొ. ప్రమాదం అని చెప్పాలంటే ‘పెలీగ్రొ’, జాగ్రత్త అని అరవాలంటే ‘క్విదాదొ’, సాయం కావాలంటే ‘అయూద’. ఈ చివరి మూడూ ఓడ ఎక్కకముందే నోటికి వచ్చి ఉండాలి.

నేర్చుకున్నవి మర్చిపోతున్నాను, ఏం చెయ్యాలి?

మర్చిపోవడం అందరికీ మామూలే. జర్మన్ పరిశోధకుడు ఎబింగ్‌హౌస్ 1885లోనే దీన్ని తన మీద తనే కొలుచుకుని ప్రచురించాడు: కొత్తగా బట్టీ పట్టింది మొదటి గంటల్లో, రోజుల్లో వేగంగా జారిపోతుంది, మళ్లీ చూసిన కొద్దీ జారడం నెమ్మదిస్తుంది. కాబట్టి ఒకే రోజు యాభై సార్లు చదవడం కంటే ఈ రోజు, రేపు, నాలుగు రోజులకి, రెండు వారాలకి ఒక్కోసారి గుర్తుచేసుకోవడం మంచిది.

దీనికి అంకీ అనే యాప్ ఉంది, కంప్యూటర్లో ఉచితం. లేదా చిన్న అట్టముక్కలు కత్తిరించి, ఒకవైపు తెలుగు వాక్యం, వెనక స్పానిష్ రాసుకుని, కొన్ని డబ్బాలు వరసగా పెట్టుకోండి. ముక్కలన్నీ మొదటి డబ్బాలో మొదలవుతాయి. సరిగ్గా చెప్పగలిగిన ముక్క తర్వాతి డబ్బాలోకి వెళ్తుంది, దాన్ని ఆలస్యంగా చూస్తారు. తప్పినది మొదటి డబ్బాకి. తెలుగు చూసి స్పానిష్ చెప్పడం ముఖ్యం, స్పానిష్ చూసి ‘ఆ, ఇది తెలుసు’ అనుకోవడం వల్ల నోరు తిరగదు.

రోజుకి ఎన్ని మాటలు?

ఉద్యోగం చేసేవాళ్లకి ఐదు చాలు. ఆదివారం కొత్తవి వద్దు, పాతవే చూడండి.

యాప్ ఒక్కటే చాలా?

అలవాటు పడటానికి మంచిదే. మాట్లాడటానికి చాలదు, ఎందుకంటే యాప్‌లో నాలుగింటిలో ఒకటి ఎంచుకుంటారు, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఎంచుకోవడానికి ఏమీ ఉండదు.

వయసు మీద పడింది, ఇప్పుడు వస్తుందా?

వస్తుంది, యాస కొంచెం మిగులుతుంది, అంతే. పెద్దవాళ్లకి ఇంట్లో పద్ధతిగా కూర్చునే ఓపిక ఎక్కువ. మనవలతో కలిసి మొదలుపెట్టండి, పిల్లలు శబ్దం బాగా పడతారు, మీరు అర్థం బాగా పడతారు.

సర్టిఫికెట్ కావాలంటే?

స్పెయిన్ ప్రభుత్వ సంస్థ సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రం ఢిల్లీలో ఉంది, డెలె అనే పరీక్ష వాళ్లదే. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలు. ఆ సర్టిఫికెట్‌కి గడువు ఉండదు. డిగ్రీ స్థాయిలో చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూలో (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) స్పానిష్ ఉంది. ఇక్కడే కోచింగ్ తీసుకునేవాళ్లు ఫీజు కట్టకముందు ఒక డెమో క్లాసులో కూర్చోండి, అందులో మీ చేత ఎంతసేపు మాట్లాడించారో చూడండి.

మాట్లాడటానికి విశాఖలో ఎవరు దొరుకుతారు?

స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఇక్కడ అరుదు. ఆన్‌లైన్‌లో భాష మార్పిడికి చూడండి: ఇంగ్లీషు మెరుగుపరచుకోవాలనుకునే లాటిన్ అమెరికా వాళ్లు చాలామంది ఉంటారు, సగం సేపు ఇంగ్లీషు, సగం సేపు స్పానిష్. మెక్సికో సిటీ గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది, కాబట్టి మన పొద్దున ఏడు వాళ్లకి ముందురోజు రాత్రి ఏడున్నర, ఇద్దరికీ కుదిరే వేళ. ఊళ్లో నేర్చుకునే మరో ఇద్దరు దొరికితే వారానికోసారి కలవండి, ఆ గంట తెలుగు, ఇంగ్లీషు రెండూ ఆపేయండి. మొదటిసారి మాటలు రాక ఆగిపోతే ఈ మూడూ వాడండి: ‘కోమొ సె దీసె…?’ (దీన్ని ఏమంటారు?), ‘మాస్ దెస్పాసియొ, పొర్ ఫబోర్’ (కొంచెం నెమ్మదిగా), ‘ఒత్ర బేస్’ (మళ్లీ ఒకసారి).